మాట తిరగబడితే తప్పెట్లయితది?

మొన్న ఊరికి పోయిన. మా పెద్దమ్మ అరుగు మీద కూసోని ఫోన్‌ను ఇటు తిప్పి అటు తిప్పి, "సింగల్ లేదు బిడ్డా, పొద్దటిసంది సింగల్ వస్తలేదు" అన్నది. పక్కన ఇంటర్ చదివే మనుమడు కిసుక్కున నవ్విండు. "సింగల్ గాదు నాయనమ్మా, సిగ్నల్" అన్నడు. ముసల్ది చిన్నబోయింది. ఇగ గంట సేపు ఆ మాటే ఎత్తలే. "డబ్బా పనిజేస్తలేదు" అని సర్దుకున్నది.

నేను ఆ పిలగాణ్ని తిట్టలే. వానికి బళ్లె ఏది చెప్తే అదే చెప్పిండు. నాకూ గట్లనే చెప్పిన్రు. ఐదో తరగతిల "చెట్టు కింద" అని రాస్తే సారు ఎర్రసిరాతోని కొట్టేసి, పైన "క్రింద" అని రాసి, "ఇంట్ల మాట్లాడే భాష ఇక్కడ పనికిరాదు" అన్నడు. నలభై దాటినంక గూడ ఆ ఎర్రగీత కండ్లల్ల మెదులుతది. ఆ "క్రింద" కథ మళ్ల చెప్త, మతికుంచుకోండ్రి.

ముందు సింగల్ సంగతి. సిగ్నల్‌ల 'గ' ముందు, 'న' ఎన్క. పెద్దమ్మ నోట్లె 'న' ముందుకొచ్చింది, 'గ' ఎన్కకు పోయింది. మాటల శబ్దాలు ఇట్ల తావు మార్చుకునుడును వ్యాకరణపోళ్లు వర్ణవ్యత్యయం అంటరు. పేరుకు పెద్దగున్నది గనీ పని చిన్నదే. వారణాసి నుంచి బనారస్ వచ్చింది ఇట్లనే: అండ్ల ముందు 'ర' ఎన్క 'ణ', ఇండ్ల ముందు 'న' ఎన్క 'ర'. మహారాష్ట్ర అనే మాట ప్రాకృతంల మరహట్ఠ అయింది, దాని నుంచే మరాఠా వచ్చింది. అండ్ల గూడ 'హ', 'ర' కుర్చీలు మార్చుకున్నయి. ఇంగ్లీషోళ్ల 'బర్డ్' పాత కాలంల 'బ్రిడ్'. మూడుకు 'త్రీ' అంటరు గదా, మూడోదానికి 'థర్డ్' ఎందుకు? పాత మాట 'త్రిద్ద'. 'ర' ఎన్కకు జరిగింది. ఇంగ్లీషు టీచరు దాన్ని తప్పు అనడు, స్పెల్లింగ్ బట్టీ పట్టుమంటడు.

అదే ఇంగ్లీషుల 'ఆస్క్' అనేదాన్ని అమెరికా నల్లజాతి జనం చాలామంది 'ఆక్స్' అంటరు. దానికి మాత్రం నవ్వుతరు. ఆరువందల ఏండ్ల కింద చాసర్ కవి గూడ ఆ 'ఆక్స్' తీరునే రాసిండు. ఎవరు పలికితే నవ్వుతున్నరో చూడండ్రి, ఏది పలికితే నవ్వుతున్నరో కాదు.

ఇగ అసలు ముచ్చటకొస్త. ఇప్పటిదాక చెప్పినయి అన్నీ ఒంటరి మాటలు. ఒక మాట తిరగబడ్డది, దాని పక్క మాట తిరగబడలే. అందుకే పండితులు చానా రోజులు ఏమనుకున్నరంటే, ఇది నాలుక జారుడే గనీ రూలు గాదు అని. జర్మనీల 1870లల్ల ఒక గుంపు పండితులు బయలెల్లిన్రు. ఉచ్చారణల మార్పులు గుడ్డిగ రావు, రూలు ప్రకారం వస్తయి, ఒక్క మాటకొస్తే అదే తీరు మాటలన్నిటికీ వస్తయి అన్నరు. 1878ల ఓస్టోఫ్, బ్రూగ్‌మాన్ ఆ మాటను గట్టిగ రాసి పెట్టిన్రు. శానా గొప్ప మాట అది. ఎందుకంటే పల్లెటూరోని మాటకు గూడ లెక్క ఉన్నదని ఒప్పుకున్నట్టే. కానీ వాళ్లు గూడ ఈ తావు మార్పిడిని మాత్రం బయట కూసోబెట్టిన్రు. ఇది అప్పుడొకటి అప్పుడొకటి జరిగే సంగతి, దీనికి రూలు ఉండదన్నరు.

ఉంటదని చూపెట్టే ఊళ్లున్నయి. అండ్ల ఒకటి సార్దీనియా.

ఇటలీ పటం చూస్తే బూటు లెక్క ఉంటది గదా. ఆ బూటుకు పడమటి దిక్కు సముద్రంల ఒక పెద్ద దీవి, అదే సార్దీనియా. పదహారు లక్షల దాక జనం. గొర్లు, మేకలు, రాళ్లు, గాలి. రోమనోళ్లు క్రీస్తు పూర్వం 238ల దాన్ని గుంజుకున్నరు, వాళ్లతోటి లాటిన్ వచ్చింది. ఆ లాటిన్ నుంచి మొలిచిందే సార్దు భాష. ఇటాలియన్‌కు అది యాస గాదు, అక్కాచెల్లెళ్ల లెక్క. ఒక్క తల్లి పిల్లలు. ఉత్తరాన లొగుదొరేసె తీరు మాట, దక్షిణాన కంపిదనేసె తీరు మాట. మన ముచ్చట దక్షిణం వాళ్లది.

లాటిన్ల మేకను 'కాప్రా' అంటరు. ఇటలీల ఇయ్యాల్టికి గదే మాట. సార్దీనియా దక్షిణంల 'క్రాబా'. చూడండ్రి, ఎన్కున్న 'ర' ముందుకొచ్చి 'క' కింద చేరింది. 'ర' పోయినంక 'ప' ఒంటరిదయింది. అటు అచ్చు, ఇటు అచ్చు, నడుమ ఇరుక్కొని మెత్తబడి 'బ' అయింది.

సరే, ఒక మేక తిరగబడ్డది. పందిని చూద్దాం. లాటిన్ల 'పోర్కుస్', ఇటలీల 'పోర్కో', ఇక్కడ 'ప్రోకు'. కాకి లెక్కనే నల్లగుండే కోర్వుస్ అనే పెద్ద పక్షి ఒకటున్నది, ఇటలీల 'కోర్వో', ఇక్కడ 'క్రోబు'. గొర్రెకు జనం లాటిన్ల 'బెర్బెక్స్' అన్నరు, ఇక్కడ 'బ్రెబెయి'. పండుకునుడు లాటిన్ల 'దోర్మీరె', ఇటలీల గూడ గదే, ఇక్కడ 'ద్రొమిరి'. రాయి లాటిన్ల 'పెత్రా', ఉత్తర సార్దీనియాల 'పెద్ర', దక్షిణంల 'పెర్ద'. పేతురు పేరు గూడ వదల్లే: ఉత్తరాన 'పెద్రు', దక్షిణాన 'పెర్దు'.

నేను ఈ మాటలన్నీ ఒక పాత నోటుబుక్కుల వరుసగ రాసుకొని పక్కపక్కన పెట్టి చూసిన. నేను కాలేజీల భాషాశాస్త్రం చదివినోణ్ని గాదు, దొరికిన పుస్తకం చదువుకుంట వచ్చినోణ్ని. అయినా ఒక సంగతి కండ్లకు కొట్టొచ్చినట్టు కనవడ్డది. మూడు తీర్ల మాటలున్నయి. కాప్రాల 'ర' రెండో అక్షరంల ఉన్నది, మొదటి అక్షరానికొచ్చింది. పోర్కుల 'ర' అచ్చు ఎన్క ఉన్నది, అచ్చు ముందుకొచ్చింది. పెత్రాల 'ర' హల్లు ఎన్క ఉన్నది, హల్లు ముందుకొచ్చింది. పైకి మూడు వేరే వేరే పనులు. కానీ మూడిట్ల 'ర' ఎటు పోయింది? మాట మొదలు దిక్కే. ఒక్కసారి గూడ చివర దిక్కుకు పోలే. నాలుక జారితే అటూ జారాలె, ఇటూ జారాలె గదా. ఎప్పుడూ ఒకే దిక్కు పోతున్నదంటే దానికి తొవ్వ ఉన్నట్టే.

ఊరి పేర్లల్ల గూడ ఇది అచ్చుగుద్దినట్టు కనవడతది. అక్కడ పడమటి ఒడ్డున కాబ్రాస్ అని ఊరున్నది. 1974ల ఆ ఊరి పొలాలల్లనే మోంతె ప్రామా అనే కాడ మనిషిని మించిన ఎత్తు రాతి విగ్రహాలు ముక్కలు ముక్కలుగ బయటపడ్డయి, లోకమంత పేరొచ్చింది. సర్కారు కాయిదంల ఆ ఊరి పేరు కాబ్రాస్. ఊరోళ్ల నోట్లె క్రాబాస్. తూర్పు దిక్కు ఇంకో ఊరు పెర్దాస్‌దెఫోగు, అంటే నిప్పు రాళ్లు. నూరేండ్లు దాటిన ముసలోళ్లు అక్కడ ఎక్కువని పేపర్లల్ల వస్తది గదా, ఆ ఊరే. దాని సర్కారు పేరుల గూడ 'పెర్ద'నే ఉన్నది, ఇటాలియన్ 'పియెత్ర' గాదు. ఒక ఊరి పేరును దఫ్తర్ల సరిజేసిన్రు, ఇంకో ఊరి పేరును ఉన్నదున్నట్టు రాసుకున్నరు. దఫ్తరోళ్ల పద్ధతి ఏడికిపోయినా గంతే.

ఊరూరికి తేడా ఉంటదన్నది గూడ చెప్పాలె. కొన్ని ఊళ్లల్ల ఈ రూలు జోరుగ నడుస్తది, కొన్నిట్ల తక్కువ. రాజధాని కాల్యారి పక్కన సెస్తు అనే ఊరున్నది. ఆ ఒక్క ఊరి మాట మీదనే రొబెర్తో బొలొన్యేజి అనే పండితుడు 1998ల పెద్ద పుస్తకం రాసిండు. ఒక్క ఊరి మాట మీద! మన దగ్గర ఒక మండలం మాట మీద పుస్తకమెయ్యమంటే నవ్వుతరు.

మరి 'ర'నే ఎందుకు జరుగుతది? 'ప' ఎందుకు జరగదు, 'క' ఎందుకు జరగదు? ఇది మీరే ఇంట్ల చూసుకోవచ్చు. 'ప' అనండ్రి. పెదవులు మూసుకున్నయి, తెరుసుకున్నయి, అయిపోయింది. ఒక్క తావున పడ్డ సుక్క అది. ఇగ 'అర' అని నిమ్మళంగ అనండ్రి. 'ర' రాకముందే నాలుక లేస్తది, 'అ' అనేటప్పుడే దాని వాసన తగులుతది. ఎన్కొచ్చే అచ్చుకు గూడ అంటుకుంటది. అది సిరాసుక్క గాదు, గోడకు పట్టిన చెమ్మ లెక్క. ఇంట్ల పోపు పెడితే వాసన అన్ని అర్రలల్లకు పోతది. కండ్లు మూసుకొని చెప్పుమంటే ఏ అర్రల పొయ్యి ఉన్నదో చెప్పుడు కష్టం. పిలగాడు మాటలు నేర్చుకునేటప్పుడు గిదే అయితది. అవ్వ 'కాప్రా' అంటది. వానికి ఆ మాటల 'ర' ఉన్నదని తెలుస్తది గనీ, సరిగ్గ ఏ తావున ఉన్నదో తేల్చుకునే కాడ చెవి ఎనకాముందు అయితది. మాట మొదలు గట్టిగ ఇనవడే చోటు గనుక, ఆడ పెట్టి 'క్రాపా' అంటడు. వాడు మాట చెడగొట్టలే. ఇన్నదాన్నే మళ్ల అన్నడు.

ఈ లెక్క సార్దీనియాకే గాదు. ఫ్రాన్స్ నైరుతి మూలకు గాస్కొన్ అనే మాట ఉన్నది. సార్దీనియాకు దానికి నడుమ సముద్రం, కొండలు. అక్కడ గూడ మేకను 'క్రాబా' అనే అంటరు. బీదోణ్ని 'ప్రౌబె' అంటరు, లాటిన్ల 'పౌపెర్'. ఒకల్ల దగ్గర ఒకలు నేర్చుకున్నది గాదు, 'ర' గుణమే అంత. ఫ్రెంచోళ్లు జున్నుగడ్డను 'ఫ్రొమాజ్' అంటరు, ఇటలీల అదే 'ఫొర్మాజ్జొ'. ఫ్రెంచ్‌ల గొర్రె 'బ్రెబి'. ఫ్రెంచ్ దొరలు తినే మాటల గూడ 'ర' జరిగే ఉన్నది. కాకుంటే వాళ్లకు రాజ్యమున్నది గనుక అది నాగరికం.

ఇప్పుడు మనింటికి వద్దాం. ఎందుకంటే లోకంల ఈ తావు మార్పిడి రూలు లెక్క నడిచిన భాషలల్ల పేరుమోసింది ఒకటున్నది, అది మన తెలుగే.

రోలు దగ్గర కూసోండ్రి. తమిళోళ్లు దాన్ని 'ఉరల్' అంటరు. రోకలిని 'ఉలక్కై' అంటరు. రెండును 'ఇరండు' అంటరు, రేయిని 'ఇరవు' అంటరు. లేతకు 'ఇళ', లోపలకు 'ఉళ్', లేచుడుకు 'ఎళు'. చూసిన్రా? వాళ్లకు ముందు అచ్చు, ఎన్క 'ర'నో 'ల'నో. మనకు 'ర', 'ల' ఎగిరి మాట మొదటికి వచ్చి కూసున్నయి. ఇట్ల చెప్తే తెలుగు తమిళం నుంచి పుట్టిందని కొట్లాటకొస్తరు, అది గాదు నేనంటున్నది. రెండింటికీ పాత తల్లి ఒకటి. ఆ తల్లి వరుసను ఈ మాటలల్ల తమిళం దాసుకున్నది, తెలుగు మార్చుకున్నది. మనతోటి గోండి, కువి, కొండ భాషలు గూడ మార్చుకున్నయి. ఆదిలాబాద్ దిక్కు గోండోళ్లను రెండును ఏమంటరో అడుగండ్రి, 'రండ్' అంటరు.

ఇంకో తీరు మాటలున్నయి, అవి సార్దీనియా మేకకు సొంత తోబుట్టువులు. తమిళంల చెట్టు 'మరం', మన గ్రంథాలల్ల 'మ్రాను'. వేలు వాళ్లకు 'విరల్', మన పాత తెలుగుల 'వ్రేలు'. పాతది వాళ్లకు 'పళయ', మనకు 'ప్రాత'. మింగుడు 'విళుంగు', మనకు 'మ్రింగు'. ఇండ్ల గూడ 'ర' ముందు దిక్కే జరిగింది. ఎన్ని వేల మైళ్ల దూరం, ఏ చుట్టరికం లేని భాష, అయినా తొవ్వ ఒక్కటే.

ఇది చిల్లర ముచ్చట గాదని లోకానికి చెప్పినోడు భద్రిరాజు కృష్ణమూర్తి. ఒంగోలుల 1928ల పుట్టిండు, ఉస్మానియాల భాషాశాస్త్రం శాఖ నిలబెట్టిండు, 2012ల పోయిండు. 1978ల ఆయన రాసిన వ్యాసం అమెరికా పత్రికల వచ్చింది. ఈ మార్పు అన్ని మాటలకూ ఒక్కసారి రాలే, శతాబ్దాల పొడుగు ఒక్కొక్క మాటను అంటుకుంట పాకిందని లెక్కగట్టి చూపెట్టిండు. కొన్ని మాటలు దాని చేతికి చిక్కలే. తమిళంల 'ఎలి', మనకు ఎలుక. ఎలుక ఎప్పటి లెక్కనే బొక్కల దాక్కున్నది.

ఇంకో తమాషా చెప్త. ఈ మార్పు కాకముందు మన మాటలు 'ర', 'ల'తోటి మొదలయ్యేటివే గావు. తమిళానికి ఇప్పటికీ ఆ పట్టింపున్నది, పాత పద్ధతిల రాముణ్ని గూడ 'ఇరామన్' అని రాస్తరు. సార్దీనియా దక్షిణపోళ్లు గూడ సరిగ్గ గిట్లనే: గులాబీ లాటిన్ల 'రోజా', వాళ్ల నోట్లె 'అరోజా'. 'ర'ను ముందుకు గుంజుతరు గనీ, ఎవలకంటే ముందు ఒంటిగ నిలబెట్టరు. మనం నిలబెట్టినం. రెండు, రోలు, రోకలి, రేయి.

ఇగ నా "క్రింద" దగ్గరికొస్త. తమిళంల దాన్ని 'కీళ్' అంటరు, నాలుక మడిచే 'ళ'తోటి. ఆ శబ్దం ముందుకు జరిగి, 'ర' అయి, 'క' కింద చేరితే 'క్రింద' అయింది. అంటే సారు ఎర్రసిరాతోని దిద్దిన ఆ గొప్ప మాట గూడ ఒకప్పుడు ఎవలో అవ్వ నోట్లె తిరగబడ్డ మాటనే. అప్పుడు గూడ ఒక సారు ఉండి ఉంటే దాన్ని గూడ కొట్టేసేటోడు. పదకొండో శతాబ్దంల నన్నయ నాటికి ఈ తీరు మాటలు గ్రంథాలకెక్కినయి, ఇగ అవే దేవుళ్లయినయి. తర్వాత జనం నోట్లె ఆ 'ర' అరిగిపోయింది: మ్రాను మానయింది, వ్రేలు వేలయింది, ప్రాత పాతయింది, క్రింద కిందయింది. మొదటి మార్పుకు దండం పెడతరు, రెండో మార్పుకు గీత కొడతరు. రెండూ చేసింది ఒక్కటే జనం. 'వ్రాయు'ల 'వ' పోయి 'రాయు' మిగిలింది, దాన్ని ఇప్పుడు అందరూ రాస్తున్నరు. ఎవలు తప్పంటున్నరు?

రోమ్‌ల గూడ ఇసొంటి సారు ఒకడుండె. పేరు తెల్వదు. ఆయన రాసిన తప్పొప్పుల పట్టీ మిగిలింది, 'అపెండిక్స్ ప్రొబి' అంటరు. రెండువందల ఇరవై ఏడు మాటలు. ఇట్ల అనాలె, అట్ల అనొద్దు, అని వరుసగ. వేడికి 'కాలిద' అనాలె, 'కాల్ద' అనొద్దన్నడు. ఇయ్యాల ఇటలీల ఏ ఇంట్ల అడిగినా 'కాల్ద'నే. పండితులు ఆ పట్టీని ఇప్పుడు ఎందుకు చదువుతరంటే, ఎడమ దిక్కున్న ఒప్పుల కోసం గాదు. కుడి దిక్కున్న తప్పుల కోసం. జనం నిజంగ ఎట్ల మాట్లాడిన్రో ఆ తప్పులల్లనే దొరుకుతది.

సార్దీనియా మాటకు ఇప్పుడు గడ్డుకాలం. 1997ల దీవి సర్కారు, 1999ల ఇటలీ సర్కారు చట్టాలు జేసి భాషగ గుర్తించినయి. కాయిదం మీద బాగనే ఉన్నది. కానీ తల్లిదండ్రులు పిల్లలతోటి ఇటాలియన్‌ల మాట్లాడుతున్నరు. ఎందుకంటే వాళ్లు బళ్లె నవ్వులపాలయిన్రు, పిల్లలు గావొద్దని. యునెస్కో దాన్ని ప్రమాదంల ఉన్న భాషల పట్టీల రాసింది. 2006ల అందరికీ ఒక్కటే రాత అని దీవి సర్కారు ఒక ప్రామాణిక భాష తయారుజేసింది. అండ్ల రాయికి 'పెద్ర', పందికి 'పోర్కు'. దక్షిణపోళ్లు ఇదేంది, మా 'పెర్ద' ఏడికిపాయె, మా 'ప్రోకు' ఏడికిపాయె, ఇది ఉత్తరపోళ్ల మాటనే గదా అని మొత్తుకున్నరు. కొన్నేండ్లకే తమ మాటకు వేరే నియమాల పుస్తకం వేసుకున్నరు. మన దగ్గర బడిపుస్తకం ఏ జిల్లాల మాటల ఉన్నదో ఎరిగినోళ్లకు ఈ గొడవ ఎవలూ అర్థం జేసి చెప్పే పనిలేదు. నేను గూడ ఇంత పొడుగు రాసుకుంట 'చెప్తున్నాను' అనాల్నా 'చెప్తున్న' అనాల్నా అని నాలుగుసార్లు ఆగిన. ఎర్రగీత భయం గట్లుంటది.

వర్ణవ్యత్యయం అంటే ఏందో మనుమనికి ఆ రోజే చెప్పిన. రోలు, ఉరల్ అని నేల మీద పుల్లతోని రాసి చూపెట్టిన. "అయితే సింగల్ గూడ కరెక్టేనా కాకా?" అని అడిగిండు. పరీక్షల రాయకు, కానీ నాయనమ్మను మాత్రం నవ్వకు అన్న. వాడు సరే అన్నడు.

నిన్న రాత్రి పెద్దమ్మకు ఫోన్ జేసిన. మాట నడుమల తెగి, మళ్ల కలిసింది. "ఇనవడ్తలేదు బిడ్డా, ఆ... అదే... అది లేదు" అన్నది. ఏది లేదు పెద్దమ్మా అని రెండుసార్లు అడిగిన. చెప్పలే.